అమ్మాయి కాలేజీ చదువు – సీటు ఎలా? డబ్బు ఎలా?



అమ్మాయి ఇంటర్ పాసయింది. ఇంట్లో అందరికీ సంతోషం. చుట్టుపక్కల వాళ్ళకు చక్కెర పంచారు. రాత్రి దీపం ఆర్పాక ఇద్దరికీ నిద్ర పట్టదు. అమ్మ ఒక లెక్క వేస్తుంది. నాన్న ఒక లెక్క వేస్తాడు. కాలేజీకి ఎంత అవుతుంది? ఎక్కడినుంచి తేవాలి?

ఈ ప్రశ్నకు జవాబు దొరకకే చాలామంది ఆడపిల్లల చదువు ఇంటర్‌తో ఆగిపోతోంది. కొందరికి డబ్బు లేక ఆగుతుంది. కొందరికి డబ్బు వచ్చే దారి ఉన్నా అది తెలియక ఆగుతుంది. ఈ రెండో రకాన్ని మనం ఆపగలం. అందుకే ఈ పాఠం.

కాలేజీ తలుపుకు రెండు తాళాలు. ఒకటి సీటు. రెండోది డబ్బు. రెండింటికీ తాళంచెవులు ఉన్నాయి. అవి ఏమిటో చూద్దాం.

పది తర్వాత, ఇంటర్ తర్వాత

దారి ఒక్కటే కాదు. చాలా ఉన్నాయి.

పదో తరగతి తర్వాత ఇంటర్ చదవవచ్చు. ఐ.టి.ఐ.లో పని నేర్చుకోవచ్చు. పాలిసెట్ పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేయవచ్చు. ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ళ చదువు ఉంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలో ఇవి 2008లో మొదలయ్యాయి. ఇక్కడ సీటు పదో తరగతి మార్కుల మీద వస్తుంది. సర్కారు బడిలో చదివిన పిల్లలకు కొంత అదనంగా కలుపుతారు. ఊరి బడిలో చదివిన పిల్లకు ఇది పెద్ద మేలు.

ఇంటర్ తర్వాత బి.ఏ., బి.కాం., బి.ఎస్సి. వంటి డిగ్రీలు ఉన్నాయి. ఇంజనీరింగు, ఫార్మసీ, వ్యవసాయ కోర్సులకు ఈఏపీసెట్ పరీక్ష రాయాలి. టీచరు శిక్షణకు డీసెట్ ఉంది. నర్సింగు ఉంది.

ఏ చదువు మంచిది? పిల్లకు ఇష్టమైనది, చేయగలిగినది మంచిది. పక్కింటి అబ్బాయి ఇంజనీరింగులో చేరాడని మన పిల్లనూ అందులోనే చేర్చనక్కరలేదు. ముందు పిల్లను అడగండి. ఆమె చెప్పేది పూర్తిగా వినండి.

మొదటి తాళం – సీటు

వెనకటి రోజుల్లో కాలేజీకి వెళ్ళి అప్లికేషను కొనుక్కునేవారు. ఇప్పుడు డిగ్రీ సీట్లు కంప్యూటరులోనే ఇస్తున్నారు. తెలంగాణలో 2016 నుంచి 'దోస్త్' అనే పద్ధతి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020 నుంచి డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు.

పని ఇలా సాగుతుంది.

ఒకటి. పేరు నమోదు చేయించాలి. దీనికి కొద్దిగా రుసుం ఉంటుంది. ఆధార్‌తో కలిపిన ఫోను నంబరు కావాలి. ఆ ఫోనుకే ఓటీపీ వస్తుంది.

రెండు. ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో వరుసగా రాయాలి. దీన్నే ఆప్షన్లు పెట్టడం అంటారు. ఒకటి రెండు పెట్టి ఊరుకోవద్దు. ఎక్కువ పెట్టండి. ఎక్కువ కావాలనుకున్నది పైన పెట్టండి. ఇంటికి దగ్గరలో ఉన్న సర్కారు కాలేజీని మరచిపోవద్దు. అక్కడ ఫీజు తక్కువ.

మూడు. సీటు వచ్చిందో లేదో చూసుకోవాలి. మార్కులు, రిజర్వేషను, ఆప్షన్లు చూసి కంప్యూటరు సీటు ఇస్తుంది. ఆడపిల్లలకు మూడో వంతు సీట్లు కేటాయించి ఉంటాయి.

నాలుగు. సీటు వచ్చాక గడువులోగా 'చేరుతున్నాను' అని ఆన్‌లైన్‌లో తెలపాలి. తర్వాత కాలేజీకి వెళ్ళి కాగితాలు చూపాలి. గడువు దాటితే సీటు పోతుంది. ఈ అడుగు దగ్గరే చాలామంది జారిపడతారు. సీటు వచ్చిందని సంబరపడి ఊరుకుంటారు. వారం తర్వాత వెళితే సీటు ఉండదు.

మొదటి విడతలో సీటు రాకపోతే దిగులు పడవద్దు. రెండో విడత, మూడో విడత ఉంటాయి.

తేదీలు ఏటా మారుతాయి. కాలేజీలో, పేపరులో, మీసేవలో అడిగి తెలుసుకోండి. గోడ మీద క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గుండ్రంగా గీత గీయండి. మీకు ఇప్పుడు అంకెలు వచ్చు కదా!

కాగితాల సంచి

సీటుకూ ఇవే కాగితాలు. స్కాలర్‌షిప్పుకూ ఇవే. బ్యాంకు అప్పుకూ ఇవే. ఇంట్లో ఒక గుడ్డసంచి పెట్టండి. ఈ కాగితాలన్నీ అందులో వేయండి.

1. పదో తరగతి మార్కుల మెమో
2. ఇంటర్ మార్కుల మెమో
3. టి.సి.
4. చదివిన బడులు ఇచ్చే స్టడీ సర్టిఫికెట్లు
5. కులం సర్టిఫికెట్
6. ఆదాయం సర్టిఫికెట్
7. ఆధార్ కార్డు
8. రేషన్ కార్డు
9. అమ్మాయి పేరున బ్యాంకు పాసుపుస్తకం
10. ఫొటోలు ఆరు

కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో దరఖాస్తు పెట్టాలి. ఆంధ్రలో ఊరి సచివాలయంలో కూడా పెట్టవచ్చు. పైన తహసీల్దారు ఆఫీసులో విచారించి ఇస్తారు. దీనికి రోజులు పడతాయి. కాబట్టి ఫలితాలు వచ్చేదాకా ఆగవద్దు. పరీక్షలు అవుతూనే దరఖాస్తు పెట్టండి. ఆదాయం సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది. దాని మీద తేదీ చదవండి.

ఇంకో మాట. అన్ని కాగితాల్లో పేరు ఒకేలా ఉందా? పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఆధార్‌లో వెనక ఉంటుంది. ఒకచోట 'లక్ష్మి' అని, ఇంకోచోట 'మహాలక్ష్మి' అని ఉంటుంది. పుట్టిన తేదీ తేడాగా ఉంటుంది. ఇలాంటి చిన్న తేడాకే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. పదో తరగతి మెమోలో ఎలా ఉందో ఆధార్‌లోనూ అలాగే దిద్దించండి. బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిసి ఉండాలి. బ్యాంకులో అడిగి చూసుకోండి.

ప్రతి కాగితానికీ మూడు జిరాక్సులు తీసి పెట్టుకోండి. అసలు కాగితం ఎవరి చేతికీ ఊరికే ఇవ్వవద్దు.

రెండో తాళం – డబ్బు

ముందు ఖర్చు ఎంతో తెలియాలి. 'కాలేజీ ఫీజు' అని ఒక్క మాట అంటాం. అందులో చాలా ఉంటాయి. ట్యూషను ఫీజు. పరీక్ష ఫీజు. హాస్టలు, భోజనం. బస్సు పాసు. పుస్తకాలు. బట్టలు. చేరే రోజునే కాలేజీలో అడగండి. 'ఏడాదికి మొత్తం ఎంత? ఏది ఎప్పుడు కట్టాలి?' అని కాగితం మీద రాయించుకోండి.

ఈ ఖర్చుకు ప్రభుత్వం నుంచి రెండు రకాల సాయం ఉంది. ఒకటి ఫీజు రీయింబర్స్‌మెంటు. ఇది ట్యూషను ఫీజు కోసం. రెండోది భోజనం, హాస్టలు ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్పు. రెండూ వేరు వేరు. రెండింటికీ దరఖాస్తు పెట్టామా లేదా చూసుకోవాలి.

ఈ సాయం నిన్న మొన్న పుట్టింది కాదు. షెడ్యూల్డు కులాల పిల్లలకు పది తర్వాత చదువుకు స్కాలర్‌షిప్పు 1944లోనే మొదలయింది. అప్పటికి మనకు స్వాతంత్ర్యం కూడా రాలేదు. ఫీజు రీయింబర్స్‌మెంటు 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ఎత్తున వచ్చింది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీలు, ఇతర పేదలు దీనికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కుటుంబ ఆదాయం పరిమితి లోపల ఉండాలి. ఆ పరిమితి వర్గాన్ని బట్టి మారుతుంది. షెడ్యూల్డు కులాలకు కేంద్రం 2021లో ఇచ్చిన నిబంధనల్లో ఏడాదికి రెండున్నర లక్షల రూపాయలు అని ఉంది. మీ వర్గానికి ఎంతో కాలేజీలోనో సంక్షేమ శాఖ ఆఫీసులోనో అడగండి.

దరఖాస్తు తెలంగాణలో 'ఈపాస్'లో పెట్టాలి. ఆంధ్రలో 'జ్ఞానభూమి'లో వివరాలు ఉంటాయి. కాలేజీ వాళ్ళే చాలావరకు సాయం చేస్తారు. కానీ దరఖాస్తు నంబరు మన దగ్గర ఉండాలి. అది రాసి సంచిలో పెట్టుకోండి.

గుర్తుంచుకోవలసిన నాలుగు మాటలు

ఒకటి. కన్వీనరు కోటాలో వచ్చిన సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుంది. ఇంజనీరింగు కాలేజీల్లో నూటికి 70 సీట్లు కన్వీనరు కోటా. 30 సీట్లు మేనేజిమెంటు కోటా. మేనేజిమెంటు సీటుకు మొత్తం ఫీజు మనమే కట్టాలి. 'ముందు చేరండి, ఫీజు సంగతి తర్వాత చూద్దాం' అని ఎవరైనా అంటే ఒకటే ప్రశ్న అడగండి. 'ఇది ఏ కోటా సీటు?'

రెండు. ఒకసారి దరఖాస్తు పెడితే చాలదు. ప్రతి ఏడాదీ మళ్ళీ పెట్టాలి. దీన్ని రెన్యువల్ అంటారు.

మూడు. హాజరు నూటికి 75 ఉండాలి. పత్తి తీతకు, నాట్లకు అమ్మాయిని నెలల తరబడి ఇంట్లో ఉంచుకుంటే హాజరు తగ్గుతుంది. నాలుగు రోజుల కూలి వస్తుంది కానీ ఏడాది స్కాలర్‌షిప్పు పోతుంది.

నాలుగు. డబ్బు ఆలస్యంగా రావచ్చు. ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా కాలేజీ వాళ్ళు కట్టమని అడుగుతారు. అందుకని చేరేముందే చేతిలో కొంత ఉంచుకోవాలి. షెడ్యూల్డు కులాల పిల్లలకు 2021 నుంచి కేంద్రం వాటా, అంటే నూటికి 60, నేరుగా అమ్మాయి ఖాతాలో పడుతోంది. అది ఫీజు డబ్బు. ఇంటి ఖర్చుకు వాడితే కాలేజీలో బాకీ మిగిలిపోతుంది.

సంఘం మీటింగులో ఒక మాట

ఒక ఊళ్ళో పొదుపు సంఘం మీటింగు జరుగుతోంది. కూతురి చదువుకు అప్పు కావాలని ఒక తల్లి అడిగింది. అప్పుడు ఇలా మాటలు సాగాయి.

పెద్దమ్మ: ఆడపిల్లకు డిగ్రీ ఎందుకే? ఆ డబ్బు దాచిపెడితే పెళ్ళికి పనికొస్తుంది.

తల్లి: పెళ్ళికి అప్పు చేస్తే అందరూ సరే అంటారు పెద్దమ్మా. చదువుకు అప్పు అంటే మాత్రం ఎందుకని అడుగుతారు.

పెద్దమ్మ: చదివినంత మాత్రాన ఉద్యోగం వస్తుందా?

తల్లి: వస్తుందో రాదో నేను చెప్పలేను. కానీ నన్ను చూడు. నాకు చదువు లేక షావుకారు పుస్తకంలో ఏమి రాస్తే దానికి వేలిముద్ర వేశాను. నా కూతురు అలా వేయదు.

కోడలు: పట్నంలో హాస్టల్లో ఒక్కతే ఎలా ఉంటుంది అత్తా?

టీచరమ్మ: మంచి ప్రశ్న. భయం ఉంటుంది. అందుకే ముందు వెళ్ళి చూసి రండి. కాలేజీ అమ్మాయిలకు సంక్షేమ శాఖల హాస్టళ్ళు ఉన్నాయి. తెలంగాణలో మహిళా గురుకుల డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. అక్కడే చదువు, అక్కడే బస. నీళ్ళు, మరుగుదొడ్డి, వార్డెను ఎలా ఉన్నారో చూడండి. అక్కడ ఉన్న పిల్లలతో మాట్లాడండి.

పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: 'సరే. తీర్మానం రాయండి. నేనూ సంతకం పెడతా.'

వడ్డీ లెక్క

చేతిలో డబ్బు లేకపోతే అప్పు చేయక తప్పదు. కానీ ఏ అప్పు? లెక్క చూద్దాం.

30,000 రూపాయలు కావాలి. షావుకారు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి ఇస్తాడు.

నెలకు వడ్డీ: 300 × 3 = 900 రూపాయలు.
ఏడాదికి: 900 × 12 = 10,800 రూపాయలు.
మూడేళ్ళకు: 10,800 × 3 = 32,400 రూపాయలు.

అంటే డిగ్రీ అయ్యేసరికి వడ్డీయే అసలును మించిపోయింది. అసలు 30,000 అలాగే ఉంది.

అదే 30,000 నూటికి రూపాయి వడ్డీకి సంఘంలో దొరికిందనుకోండి.

నెలకు 300. ఏడాదికి 3,600. మూడేళ్ళకు 10,800.

తేడా 21,600 రూపాయలు. ఆ తేడాతో పుస్తకాలు, బస్సు పాసు కొనవచ్చు. సంఘం అప్పులో నెలనెలా అసలు కూడా కొంత కడతాం. అందువల్ల వడ్డీ ఇంకా తగ్గుతుంది.

బ్యాంకు చదువు అప్పు

బ్యాంకులు కూడా చదువుకు అప్పు ఇస్తాయి. 4 లక్షల రూపాయల దాకా పొలం గానీ ఇల్లు గానీ తాకట్టు అడగరు. తల్లి గానీ తండ్రి గానీ అమ్మాయితో కలిసి సంతకం పెట్టాలి. ఏడున్నర లక్షల దాకా ఇచ్చే అప్పులకు హామీ నిధి 2015 నుంచి ఉంది. కాలేజీ ఇచ్చిన సీటు కాగితం, ఫీజు వివరం బ్యాంకుకు చూపాలి. అదే ఏడాది మొదలైన విద్యాలక్ష్మి అనే వెబ్‌సైటులో కూడా దరఖాస్తు పెట్టవచ్చు.

చదువు అయ్యాక మరో ఏడాది దాకా వాయిదాలు కట్టనక్కరలేదు. అయితే ఒక సంగతి. ఆ కాలంలోనూ వడ్డీ పెరుగుతూ ఉంటుంది. 'వడ్డీ ఎంత? ప్రభుత్వం వడ్డీ భరించే పథకం మాకు వర్తిస్తుందా?' అని మేనేజరును అడగండి. ఒక బ్యాంకు కాదంటే ఇంకో బ్యాంకుకు వెళ్ళండి. ఎందుకు కాదన్నారో కాగితం మీద అడగండి.

ఇది దానం కాదు, అప్పు. తీర్చవలసిందే. కనుక ముందు స్కాలర్‌షిప్పు, తర్వాత సంఘం, ఆ తర్వాతే బ్యాంకు. తక్కువపడిన మేరకే తీసుకోండి.

మోసపోకండి

సీట్ల కాలంలో దళారులు తిరుగుతారు. 'సీటు నేను ఇప్పిస్తా, ముప్పై వేలు ఇవ్వండి' అంటారు. సీటు కోసం డొనేషను తీసుకోవడం మన దగ్గర 1983 చట్టం ప్రకారం నేరం. డబ్బు కడితే రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వవద్దు. ఫోనుకు వచ్చిన ఓటీపీ బయటివాళ్ళకు చెప్పవద్దు. మీకు తెలియకుండా మీ అమ్మాయి పేరున ఆప్షన్లు పెట్టే అవకాశం ఉంది.

కొన్ని కాలేజీలు అసలు సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటాయి. ఇలా చేయకూడదని యూజీసీ 2018లో చెప్పింది. చూసి, సరిపోల్చుకుని, వెంటనే తిరిగి ఇవ్వాలి. చేరిన తర్వాత కాలేజీ మానుకుంటే ఫీజు తిరిగి ఇవ్వడానికీ అందులో నియమాలు ఉన్నాయి. చేరికల ఆఖరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే కొద్దిపాటి ఖర్చు మినహాయించి మొత్తం ఇవ్వాలి. ఆలస్యమయిన కొద్దీ వచ్చేది తగ్గుతుంది. తేదీ దాటి నెల రోజులు గడిస్తే ఏమీ రాదు.

సర్టిఫికెట్లు ఇవ్వకపోతే ఇలా రాయండి. రెండు కాపీలు రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండోదాని మీద 'అందినది' అని ముద్ర వేయించి తెచ్చుకోండి.

గౌరవనీయులైన ప్రిన్సిపాలు గారికి,
విషయం: అసలు సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించమని.
అయ్యా / అమ్మా,
నా కూతురు ............ మీ కాలేజీలో ............ చదువుతోంది. చేరినప్పుడు ఇచ్చిన అసలు సర్టిఫికెట్లు మీ ఆఫీసులో ఉన్నాయి. యూజీసీ 2018 నియమాల ప్రకారం వాటిని తిరిగి ఇప్పించమని కోరుతున్నాను.
తేదీ: ............
సంతకం: ............

అమ్మ కూడా చదవవచ్చు

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు విన్నారా? ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దన్నారు. స్వాతంత్ర్య ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. జైలు నుంచి వచ్చాకే మెట్రిక్ కట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదవబోతే ఆడవాళ్ళకు హాస్టలు లేదన్నారు. ఆమె తనలాంటి అమ్మాయిలను కూడగట్టి హాస్టలు ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత మద్రాసులో లా చదివారు. మన దేశ రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్నారు.

బడి వయసు దాటిందని ఆమె ఆగలేదు. మనమెందుకు ఆగాలి? సార్వత్రిక విద్యాపీఠంలో 14 ఏళ్ళు నిండినవారు ఎవరైనా పది పరీక్ష రాయవచ్చు. పై వయసుకు హద్దు లేదు. తర్వాత ఇంటర్ కూడా అక్కడే. ఆపైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. అది 1982లో మొదలయింది. పని చేసుకుంటూ, ఇంటి దగ్గర ఉంటూ డిగ్రీ చదవవచ్చు. తల్లీ కూతురూ ఒకే లాంతరు కింద కూర్చుని చదివితే ఆ ఇంటికి అంతకంటే వెలుగు ఏముంది?

కొత్త మాటలు

కన్వీనరు కోటా – ప్రభుత్వం నియమం ప్రకారం ఇచ్చే సీట్లు
ఆప్షన్లు – మనకు కావలసిన కాలేజీల వరుస
రెన్యువల్ – ప్రతి ఏడాదీ మళ్ళీ పెట్టే దరఖాస్తు
హాజరు – కాలేజీకి వెళ్ళిన రోజుల లెక్క
రసీదు – డబ్బు కట్టినట్టు ఇచ్చే కాగితం

లెక్క చేయండి

20,000 రూపాయల అప్పు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీ ఎంత? ఏడాదికి ఎంత? నూటికి రూపాయి వడ్డీ అయితే ఏడాదికి ఎంత మిగులుతుంది?

మాట్లాడుకోండి

1. మన ఊళ్ళో ఈ ఏడాది ఇంటర్ పాసయిన అమ్మాయిలు ఎంతమంది? వారిలో ఎంతమంది కాలేజీలో చేరారు? చేరనివారు ఎందుకు చేరలేదు?
2. పెళ్ళికి అప్పు చేయడం, చదువుకు అప్పు చేయడం – రెండింటికీ తేడా ఏమిటి?
3. దరఖాస్తు పెట్టడానికి తెలియని తల్లులకు మన సంఘం ఎలా తోడుపడగలదు?

ఈ వారం చేయండి

ఇంట్లో కాగితాల సంచి కట్టండి. పైన చెప్పిన పది కాగితాల్లో మీ దగ్గర ఏవి ఉన్నాయో, ఏవి లేవో రాసుకోండి. లేనివాటి కోసం సోమవారమే బయలుదేరండి. దరఖాస్తు మీద 'తల్లి సంతకం' అని ఒక గీత ఉంటుంది. అక్కడ వేలిముద్ర వద్దు. మీ పేరు మీరే రాయండి.